ఓడ టికెట్టు వెనకాల వచ్చే రెండో లెక్క: గ్రాట్యుటీ ముందే కట్టేయాలా?

గ్రాట్యుటీ అంటే మన వైపు ఒకటే అర్థం. బ్యాంకులోనో మిల్లులోనో పాతికేళ్లు చేసి దిగిపోయిన మనిషికి, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్కగట్టి ఇచ్చే సొమ్ము. 1972 చట్టం పుణ్యమా అని ఆ మాట ఊరూరా తెలుసు. అందుకే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో అబ్బాయి ఫోన్ చేసి "నాన్నగారూ, క్రూజ్‌కి గ్రాట్యుటీ కూడా కట్టేశానండి" అంటే, పాలకొల్లులో తండ్రికి అది ఎవరి గ్రాట్యుటీయో ఒక పట్టాన బోధపడదు.

ఓడ మీద గ్రాట్యుటీ అంటే సిబ్బందికి ఇచ్చే టిప్పు. కాకపోతే మనకు అలవాటైన టిప్పు లాంటిది కాదు. పాపికొండల లాంచీ దిగేటప్పుడు సరంగుకో, వేడివేడిగా వడ్డించిన వంటవాళ్లకో ఓ వందో రెండొందలో చేతిలో పెడతాం. పెట్టకపోయినా ఎవరూ అడగరు, పెడితే ఇంత అని లెక్క లేదు. పెద్ద ఓడల్లో అలా కాదు. మనిషికి, రోజుకి ఇంత అని రేటు ముందే అచ్చు వేసి ఉంటుంది. మీరు ఏమీ చేయకపోయినా అది రోజూ మీ ఖాతాలో పడిపోతుంది. దాన్నే ప్రయాణానికి ముందే కట్టేయడం ప్రీపెయిడ్ గ్రాట్యుటీ. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ముందే కట్టడం అంటే అదనంగా ఇవ్వడం కాదు. ఎలాగూ ఇవ్వాల్సిన సొమ్మే, ఇచ్చే రోజు మాత్రం మారుతుంది.

ఇంతకీ ఈ పద్ధతి ఎందుకొచ్చింది? ఒకప్పుడు చివరి రాత్రి గదిలో కొన్ని ఖాళీ కవర్లు పెట్టేవారు. ఒకటి గది సర్దేవాళ్లకి, ఒకటి భోజనం బల్ల దగ్గర వడ్డించేవాళ్లకి, ఇంకోటి వాళ్ల పైవాడికి. రోజూ అదే బల్ల, అదే టైము, అదే మనిషి కాబట్టి ఎవరికి ఇవ్వాలో స్పష్టంగా ఉండేది. 2000లో నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీ ఎప్పుడైనా, ఎక్కడైనా కూర్చుని తినే పద్ధతి మొదలుపెట్టింది. తర్వాత మిగతావాళ్లూ తలా ఓ రకంగా అదే దారి పట్టారు. రోజుకో బల్ల దగ్గర, రోజుకో మనిషి చేత తిన్నాక కవరు ఎవరికిస్తారు? దాంతో తల ఒక్కంటికి రోజుకి ఇంత అని వసూలు చేసి, అందరికీ పంచే ఏర్పాటు స్థిరపడింది.

దీని వెనక ఇంకో సంగతి ఉంది, అసలు కిటుకు అదే. ఈ ఓడల్లో చాలావాటికి బహామాస్, పనామా, మాల్టా లాంటి దేశాల జెండా ఉంటుంది. ఎక్కిన రేవు మయామీ అయినా సింగపూర్ అయినా, లోపల పనివాళ్ల జీతభత్యాలకి వర్తించేది ప్రధానంగా జెండా దేశపు చట్టం. అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సముద్ర కార్మిక ఒప్పందం 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. మన దేశం 2015లో అందులో చేరింది. దాని ప్రకారం ఓడ మీద పనిచేసే మనిషికి ఇరవై నాలుగు గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. కనీసం 77 అంటే మిగిలిన 91 గంటలు పని చేయించినా ఒప్పందం దాటినట్టు కాదన్నమాట. గది సర్దే కుర్రాడు నెలల తరబడి ఆదివారం అనేది లేకుండా పనిచేస్తాడు. అతని రాబడిలో పెద్ద ముక్క ఈ గ్రాట్యుటీ నుంచే వెళ్తుంది. అంటే కంపెనీ జీతంలో ఒక భాగాన్ని టికెట్టులోంచి తీసి విడిగా చూపిస్తోంది, టికెట్టు చవగ్గా కనపడాలని. కాబట్టి దీన్ని దానధర్మం కింద చూడకుండా, టికెట్టులో రెండో ముక్క అని లెక్కేసుకోవడమే సరైన పద్ధతి.

రేట్లు చూద్దాం. 2025లో మామూలు గదులకు రోజుకి, మనిషికి కార్నివాల్‌లో 16 డాలర్లు, రాయల్ కరీబియన్‌లో 18.50, నార్వేజియన్‌లో 20. సూట్ గదులైతే వరుసగా 18, 21, 25. ఏడాది రెండేళ్లకోసారి అర డాలరో డాలరో పెంచుతూ ఉంటారు కాబట్టి మీరు బుక్ చేసేనాటి రేటు కంపెనీ సైటులో చూసుకోండి.

పిల్లల విషయంలో రూలు కంపెనీకో రకంగా ఉంటుంది, తేడా వచ్చేదీ అక్కడే. కార్నివాల్‌లో రెండేళ్ల లోపు పిల్లలకు, నార్వేజియన్‌లో మూడేళ్ల లోపు పిల్లలకు గ్రాట్యుటీ లేదు. రాయల్ కరీబియన్‌లో చంటిపిల్లకైనా పెద్దవాళ్లతో సమానంగా పడుతుంది.

ఒక కుటుంబం లెక్క వేద్దాం. తాతగారు, మామ్మగారు ఒక గదిలో. కొడుకు, కోడలు, ఏడేళ్ల మనవరాలు, ఏడాదిన్నర మనవడు ఇంకో గదిలో. ఏడు రాత్రుల ప్రయాణం. రాయల్ కరీబియన్‌లో ఆరుగురికీ 18.50 చొప్పున ఏడు రోజులకు 777 డాలర్లు. నార్వేజియన్‌లో రోజు రేటు ఎక్కువే అయినా చంటివాడిని వదిలేస్తారు కాబట్టి 700. కార్నివాల్‌లో ఐదుగురికి 560. లెక్క సులువుగా ఉండటానికి డాలరు 90 రూపాయలు అనుకుంటే 69,930, 63,000, 50,400 రూపాయలు. ఈ మూడు కంపెనీల టికెట్ ధరలు పక్కపక్కన పెట్టి పదివేలు తక్కువని ఒకదాన్ని ఎంచుకున్నవాళ్లు ఈ రెండో ముక్క కలపకపోతే లెక్క తలకిందులు కావచ్చు.

ఏడు రాత్రులంటే లెక్కకి ఏడు రోజులే. ఎక్కే రోజు, దిగే రోజు రెండూ కలిపి ఎనిమిది వేసిన ఏజెంటు కాగితం చేతికొస్తే అడిగి దిద్దించండి. ఇంకోటి, "మూడో మనిషికి, నాలుగో మనిషికి టికెట్ ఉచితం" అనే ఆఫర్లు తరచూ వస్తాయి. ఉచితం టికెట్టు వరకే. ఆ మూడో మనిషికీ నాలుగో మనిషికీ గ్రాట్యుటీ, రేవు పన్నులు పూర్తిగా పడతాయి.

ఈ రోజువారీ సొమ్ము గది సర్దేవాళ్లకి, భోజనశాలలో వడ్డించేవాళ్లకి, కొన్ని కంపెనీల్లో చాకిరేవు, వంటగది లాంటి కంటికి కనపడని విభాగాల వాళ్లకీ వెళ్తుంది. బారులో తాగే ప్రతిదానికీ విడిగా 18 నుంచి 20 శాతం బిల్లులోనే కలిపి వస్తుంది. మసాజ్, సెలూన్, ప్రత్యేక రెస్టారెంట్లలోనూ అంతే. గ్రాట్యుటీ ముందే కట్టేశాం కదా, కొబ్బరినీళ్ల గ్లాసు మీద మళ్లీ 18 శాతం ఏమిటని కౌంటర్ దగ్గర గొడవపడితే లాభం లేదు. ఆ రెండూ వేరు. డ్రింక్స్ ప్యాకేజీ ఉచితం అని ఇచ్చినచోట కూడా ఆ ప్యాకేజీ అసలు ధర మీద శాతం కట్టించుకునే కంపెనీలున్నాయి. రోజుకి 100 డాలర్ల ప్యాకేజీ అనుకుంటే 20 శాతం అంటే 20 డాలర్లు. ఏడు రోజులకు ఇద్దరికి 280. మజ్జిగ తప్ప ఇంకేమీ ముట్టని పెద్దవాళ్ల పేరు మీద ఈ "ఉచితం" పడకుండా బుకింగ్ అప్పుడే చూసుకోవాలి.

ముందే కట్టడమా, ఓడ మీద కట్టడమా

ముందే కట్టమని చెప్పేవాళ్లు మొదట చూపించే లాభం రేటు బిగిసిపోవడం. కట్టేశాక కంపెనీ రేటు పెంచినా మీకు పాత రేటే. నిజమే, కానీ పై కుటుంబానికి రోజుకి అర డాలరు పెరిగితే మొత్తం తేడా 21 డాలర్లు, అంటే 1,890 రూపాయలు. ఈలోగా డాలరు రెండు రూపాయలు అటో ఇటో కదిలినా 777 డాలర్ల మీద 1,554 రూపాయల తేడా వస్తుంది. దీన్ని పెద్ద పొదుపు అని చెప్పుకోవడం అతిశయోక్తే.

అసలు లాభం వేరే ఉంది. ఓడ ఎక్కేటప్పుడు ఇచ్చిన కార్డు మీద కంపెనీ కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతుంది. క్రెడిట్ కార్డుకి ఇది పెద్దగా తెలియదు. డెబిట్ కార్డో, డాలర్లు నింపుకున్న ఫారెక్స్ కార్డో ఇస్తే ఆ సొమ్ము ఇరుక్కుపోతుంది, విడుదల కావడానికి దిగాక కూడా రోజులు పట్టొచ్చు. మధ్యలో రేవులో దిగి కారు మాట్లాడుకుందామంటే కార్డులో డబ్బుండి కూడా లేనట్టే. గ్రాట్యుటీ ముందే కట్టేసి ఉంటే ఓడ ఖాతాలో పడేది తగ్గుతుంది, ఈ ఇరకాటం తగ్గుతుంది. పైగా చివరి రోజు ఆరేడు వందల డాలర్ల వరస చూసి పెద్దవాళ్లు గాభరా పడే పని ఉండదు.

ముందే కట్టకూడని సందర్భాలూ ఉన్నాయి. ముఖ్యమైనది ఆన్‌బోర్డ్ క్రెడిట్. బుకింగ్ ఆఫర్ కింద గదికి 100, 200 డాలర్లు ఓడ మీద ఖర్చుపెట్టుకునేలా ఇస్తుంటారు. ఖర్చు కాకపోతే చాలాసార్లు అది తిరిగి రాదు. తాగుడు, జూదం అలవాటు లేని కుటుంబానికి ఆ సొమ్ము ఎక్కడ వాడాలో తోచదు, చివరి రోజు దుకాణంలో అక్కర్లేని గడియారాలు కొంటారు. చాలా ఓడల్లో ఆ క్రెడిట్‌ని రోజువారీ గ్రాట్యుటీకి సర్దుకోనిస్తారు, కొన్నిట్లో సర్దుకోనివ్వరు. సర్దుకోనిచ్చే ఓడ అయితే గ్రాట్యుటీ ముందే కట్టి ఆ క్రెడిట్‌ని వృథా చేసుకోవడం తెలివితక్కువ పని. బుక్ చేసేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ప్రయాణం మీదే అనుమానం ఉంటే, వీసా ఇంకా చేతికి రాకపోతే, అప్పుడూ ఆగడం మేలు. రద్దయితే గ్రాట్యుటీ సాధారణంగా వెనక్కి వస్తుంది. కానీ మన కార్డు మీద డాలర్లలో కట్టింది డాలర్లలోనే తిరిగొస్తుంది, రూపాయల్లోకి ఆ రోజు రేటు ప్రకారం మారుతుంది, మార్పిడి చార్జీలు సాధారణంగా మళ్లీ రావు.

ఆ చార్జీలు ఎంతో కూడా చూడాలి. చాలా భారతీయ క్రెడిట్ కార్డులు విదేశీ ఖర్చు మీద 2 నుంచి 3.5 శాతం వరకు మార్కప్ వేస్తాయి, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 69,930 రూపాయల మీద 3.5 శాతం అంటే సుమారు 2,448, దానిమీద జీఎస్టీ 440, వెరసి దాదాపు 2,890. రేటు బిగించుకుని మిగిల్చిన 1,890 కన్నా ఇదే ఎక్కువ. అందుకే అమెరికాలో ఉన్న పిల్లలు తీసుకెళ్తున్నప్పుడు అందరి గ్రాట్యుటీ వాళ్ల డాలర్ కార్డు మీదే కట్టించడం మంచిది, లెక్క తర్వాత ఇంట్లో చూసుకోవచ్చు. మన కార్డే వాడాల్సి వస్తే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీల మీట ముందే నొక్కి ఉంచాలి. 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులకు అది మూసే వస్తుంది, మనం తెరిస్తేనే పనిచేస్తుంది. "రూపాయల్లో బిల్లు చేయమంటారా, డాలర్లలోనా" అని తెర మీద అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు వేసే మార్పిడి రేటు దాదాపు ఎప్పుడూ బ్యాంకు రేటు కన్నా చేటే.

ఏజెంటు ద్వారా వెళ్లేవాళ్లకి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఏజెంట్లు సింగపూర్ క్రూజ్‌లు గుంపు టూర్లుగా అమ్ముతున్నప్పుడు రేటు గంపగుత్తగా చెబుతారు. "అన్నీ కలిపే సార్" అనే మాటలో గ్రాట్యుటీ ఉందో లేదో మాటలో తేల్చుకోవద్దు, కాగితం మీద చూడాలి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెడుతుంది. గ్రాట్యుటీ, సర్వీస్ చార్జ్, క్రూ అప్రీసియేషన్, ఇవన్నీ ఒకటే. ఏజెంటు కాగితం మీద "టిప్స్" అని ఉంటే అది బస్సు డ్రైవర్‌కీ గైడ్‌కీ సంబంధించినది కావచ్చు, ఓడది కాకపోవచ్చు. ఏజెంటు చీటీ ఎంత అందంగా ఉన్నా సరే, క్రూజ్ కంపెనీ ఇచ్చే బుకింగ్ నంబరు తీసుకుని వాళ్ల సైటులో మీరే తెరిచి చూడండి. ప్రీపెయిడ్ గ్రాట్యుటీస్ అనే వరసలో అంకె కనపడితేనే కట్టినట్టు. ఆ వరస లేకపోతే ఏజెంటు తీసుకున్న సొమ్ము ఇంకా కంపెనీకి చేరలేదు, ఓడ మీద మళ్లీ పడుతుంది.

ఏజెంటు చేసిన బుకింగులో మీ అంతట మీరు మార్పులు చేయడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఏజెంటు ద్వారానే కట్టాలి. మిగతా టికెట్ సొమ్ము కట్టే గడువు సాధారణంగా ప్రయాణానికి రెండున్నర, మూడు నెలల ముందు వస్తుంది. గ్రాట్యుటీని అప్పుడే జతచేయించుకోవచ్చు, ఆ తర్వాత కూడా ఓడ కదలడానికి కొద్ది రోజుల ముందు వరకు చాలావాటిలో వీలుంటుంది. ఒకే గదిలో ఒకరికి కట్టి ఇంకొకరికి కట్టకుండా ఉండటం సాధారణంగా కుదరదు, గదిలో అందరికీ కలిపే.

విదేశీ టూర్ ప్యాకేజీలో గ్రాట్యుటీ కలిపి మన దేశంలోని ఏజెంటుకి కడితే మొత్తం మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, పడుతుంది. అది ఖర్చు కాదు, పాన్ నంబరు మీద జమవుతుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. చిక్కల్లా వరి, కొబ్బరి ఆదాయమే తప్ప వేరే లేక ఎప్పుడూ రిటర్ను వేయని రైతులకి. ఆ సొమ్ము వెనక్కి రావాలంటే ఆ ఏడాదికి రిటర్ను వేయాలి. అలాంటి ఇంట్లో ఎవరి పాన్ మీద బిల్లు చేయించాలో ముందే ఆలోచించుకోవాలి. ఏటా రిటర్ను వేసే కొడుకే డబ్బు కట్టి, అతని పాన్ ఇస్తే పని సులువు.

తీసేయమని అడగొచ్చా

మన హోటళ్లలో సర్వీస్ చార్జి బలవంతంగా వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ ధైర్యంతో మయామీలో ఎక్కిన ఓడ మీద వాదించడం కుదరదు. అక్కడ మీ టికెట్టు షరతులదే మాట. అయినా చాలా కంపెనీల్లో గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గర అడిగితే తగ్గిస్తారు, తీసేస్తారు కూడా. దిగకముందే అడగాలి. ముందే కట్టినదాన్ని ఓడ మీద మార్చే విషయంలో కొన్ని కంపెనీలు గట్టిగా ఉంటాయి.

కానీ తీసేయించడంలో న్యాయం తక్కువ. గది శుభ్రంగా లేదంటే మొదటి రోజే చెబితే మనిషినో పద్ధతినో మారుస్తారు. ఏడో రోజు ఉమ్మడి మూటలోంచి మీ వాటా తీసేస్తే ఆ దెబ్బ తప్పు చేసినవాడి ఒక్కడి మీదే పడదు. "అక్కడ తీసేసి, మనకు నచ్చినవాళ్లకి చేతికిద్దాం" అనే ఉపాయం కూడా అన్నిచోట్లా పారదు. రోజువారీ గ్రాట్యుటీ తీసేయించుకున్న ప్రయాణికుడు ఇచ్చిన నగదుని సిబ్బంది ఉమ్మడి మూటలో జమచేయాలనే నిబంధన కొన్ని కంపెనీల్లో ఉంది. అదే గ్రాట్యుటీ కట్టి, పైన చేతిలో పెట్టినది మాత్రం వాళ్లదే.

పైన ఇవ్వడం తప్పనిసరి కాదు. ఇవ్వాలనిపించే మనిషి మాత్రం సాధారణంగా ఒకరుంటారు. మన పెద్దవాళ్లు రెండో రోజుకే రొట్టెలు, సూపులు చాలనుకుంటారు. హెడ్ వెయిటర్‌ని పిలిచి మాంసం, గుడ్డు ముట్టరని చెబితే, మర్నాటి భోజనానికి మెనూలో లేని అన్నం, పప్పు, కూర వండించే ఏర్పాటు చాలా ఓడల్లో జరుగుతుంది. ముందురోజు సాయంత్రమే చెప్పాలి, బల్ల దగ్గర కూర్చుని అడిగితే కుదరదు. వారం రోజులు మామ్మగారికి పెరుగన్నం దొరికిందంటే దాని వెనక ఆయన పడ్డ తిప్పలుంటాయి. అలాంటివాళ్లకి చివరి సాయంత్రం ఇరవై డాలర్లో ఎంతో చేతికివ్వండి. చిన్న నోట్లు బయల్దేరే ముందే మన ఊరి ఫారెక్స్ కౌంటర్లో అడిగి తీసుకోండి, ఓడ మీద ఏటీఎం చార్జీలు గట్టిగా ఉంటాయి. దిగాక వచ్చే అభిప్రాయ సేకరణ ఫారంలో ఆయన పేరు సరైన స్పెల్లింగుతో రాస్తే అది కూడా పదోన్నతికి పనికొస్తుంది. పేరు అతని చొక్కా మీద పట్టీలో ఉంటుంది, ఫోటో తీసుకోండి.

ఇక ఎక్కిన సాయంత్రం చేయాల్సిన పని ఒకటుంది. రెండు గదులకూ బిల్లు ఒకే కార్డు మీద పడాలంటే ఆ రోజే గెస్ట్ సర్వీసెస్‌లో చెప్పి కలిపించాలి. లేకపోతే తాతగారి గదికి విడి బిల్లు వస్తుంది, చివరి రోజు ఆయన కార్డు అడుగుతారు. రెండో రోజు రాత్రి యాప్‌లోనో గదిలో టీవీ మీదో ఖాతా తెరిచి చూడండి. ముందే కట్టని ఇద్దరి గదికి రాయల్ కరీబియన్‌లో, 2025 రేటు ప్రకారమైతే, రోజుకో 37.00 డాలర్ల వరస కనపడుతుంది. ముందే కట్టి ఉంటే ఆ వరస ఉండకూడదు. ఉందంటే రెండుసార్లు పడుతున్నట్టే. ఫోన్‌లో దాచుకున్న బుకింగ్ కాగితం పట్టుకుని అదే రాత్రి కౌంటర్‌కి వెళ్లండి, ఐదు నిమిషాల పని. దిగే రోజు పొద్దున్న వెళ్తే ముందు వందమంది ఉంటారు, పైగా అప్పటికి కార్డు మీద బిల్లు పడిపోయి ఉంటుంది.